ఊలు అసలుదో కాదో అగ్గిపుల్ల చెబుతుంది

అల్లికకు ఊలు అడిగితే దుకాణాల్లో చాలాసార్లు చేతిలో పెట్టేది యాక్రిలిక్. అది పెట్రోలియం నుంచి తీసిన ప్లాస్టిక్ దారం. ఉతికిన ప్రతిసారీ సన్నని పోగులు నీళ్లలో కలుస్తాయి.

స్వెటర్‌కు సరిపడా కొనే ముందు ఒక్క దారపు ఉండ మాత్రమే తీసుకోండి. జానెడు దారం కత్తిరించి, పట్టకారుతో పట్టుకుని, స్టీలు పళ్లెం మీద చివర అగ్గిపుల్లతో వెలిగించండి. పక్కన గ్లాసుడు నీళ్లు ఉంచుకోండి, కిటికీ తెరవండి. అసలు ఊలు నెమ్మదిగా కాలుతుంది, అగ్గిపుల్ల తీస్తే తనంతట తానే ఆరిపోతుంది. వెంట్రుకలు కాలిన కంపు కొడుతుంది. చల్లారాక నల్లటి బూడిదను నలిపితే పొడి అయిపోతుంది. యాక్రిలిక్ భగ్గున మండి, కరిగి బొట్లుగా కారి, గట్టి పూసలా మిగులుతుంది.

రెండూ కలిపిన దారమైతే కంపూ వస్తుంది, పూసా మిగులుతుంది. ఏది ఎంతో తేలదు. సూపర్‌వాష్ ఊలు కూడా ఈ పరీక్ష నెగ్గేస్తుంది. కానీ మెషీన్‌లో ఉతికినా ముడుచుకోకుండా దానికి చాలావరకు క్లోరిన్ శుద్ధి చేసి, పలుచటి ప్లాస్టిక్ పూత వేస్తారు. అక్కడ లేబుల్ చదవక తప్పదు.

రంగు అద్దని ఊలే కావాలంటే గొంగళ్లు నేసే దక్కనీ గొర్రెల నల్ల ఊలు ఉంది. కాకపోతే గరుకు, పసిపిల్లల స్వెటర్లకు వద్దు.