ఎగ్జిబిషన్‌కి ఈజిప్టు పిల్లి మమ్మీ: చుట్టే తీరు, చీటీలో రాయాల్సింది

బడిలో సోషల్ ఎగ్జిబిషన్ అంటే థర్మోకోల్ పిరమిడ్లు వరసకట్టేస్తాయి. పిల్లి మమ్మీకి మూడు రోజులు పడుతుంది గానీ, చూసేవాళ్ళు దాని దగ్గరే ఆగుతారు.

ఈజిప్టువాళ్ళు చుట్టింది అవిసె నార బట్టతో. మనకి ఉతికి ఉతికి మెత్తబడిన నూలు పంచె చాలు. పొందూరు పంచె చింపడానికి ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు, మామూలుదే తీసుకోండి. రెండు సెంటీమీటర్ల పేలికలుగా చేత్తో చింపాలి. కత్తెరతో కోస్తే అంచు మరీ నున్నగా వచ్చి కొత్త రిబ్బన్‌లా కనిపిస్తుంది. సగం పేలికలు చిక్కటి టీ డికాషన్‌లో రాత్రంతా నానబెట్టి, పూర్తిగా ఆరనివ్వండి. తడివి చుడితే లోపలి కాగితం మెత్తబడి కూలిపోతుంది.

దినపత్రికలను 40 సెంటీమీటర్ల పొడవున గట్టిగా చుట్టి దారంతో బిగించండి. అడుగు లావుగా, మెడ దగ్గర సన్నగా ఉండాలి. కాళ్ళు విడిగా పెట్టొద్దు. అసలు మమ్మీల్లో ముందుకాళ్ళు ఒంటికి చేర్చి, వెనకకాళ్ళు మడిచి కట్టేసేవారు, అందుకే గొట్టంలా ఉంటాయి. తలకి బత్తాయంత కాగితపు ఉండ, చెవులకి అట్టముక్కలు. కప్పు మైదాకి నాలుగు కప్పుల నీళ్ళు పోసి ఉడికించిన జిగురు పల్చగా రాసి, ముందు ఒక వరస వెడల్పు గుడ్డ చుట్టి ఎండలో ఆరబెట్టండి. జిగురు దట్టంగా పూస్తే వానాకాలంలో రెండో రోజుకే బూజు. ఆరాక తెల్లదీ గోధుమరంగుదీ ఎదురెదురు ఏటవాలుగా తిప్పుతూ వస్తే డైమండు గళ్ళు పడతాయి.

ఇక చీటీ. 'ఈజిప్టువాళ్ళు పిల్లిని పూజించేవారు' అని రాయడమే అందరూ చేసే తప్పు. మన శ్రీకూర్మం గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్ళను పెంచుతారు, కానీ పూజ జరిగేది గర్భగుడిలో కూర్మనాథుడికి. అక్కడా దేవత బాస్టెట్, పిల్లి ఆమెకి చెందిన జంతువు. అన్ని జంతువులదీ ఒకటే హోదా కాదు. ఈజిప్టు పాత రాజధాని మెంఫిస్‌లో దేవుడి రూపంగా కొలిచే ఏపిస్ ఎద్దు ఒకసారికి ఒక్కటే, ఒంటిమీద గుర్తులు చూసి ఎంచేవారు. చనిపోతే దగ్గర్లోని సక్కారా శ్మశానంలో పెద్ద రాతి పేటికలో పెట్టేవారు. పిల్లి మమ్మీలు వేరు: ఎక్కువభాగం భక్తులు కొని సమర్పించిన మొక్కులు. ఎక్స్‌రేల్లో చాలావాటికి మెడ విరిగి ఉంది, చాలావరకు ఏడాది నిండని కూనలు. మొక్కుల కోసమే పెంచి చంపారన్నమాట. ఈ వాక్యం చీటీలో తప్పక ఉండాలి, లేకపోతే 'పిల్లంటే వాళ్ళకెంత ప్రేమో' అనుకుంటూ వెళ్ళిపోతారు.

లోపల ఉన్నది పేపర్లేగా అని ఎవరైనా నవ్వితే, మాంచెస్టర్ పరిశోధకులు స్కాన్ చేసిన 800కి పైగా జంతు మమ్మీల్లో దాదాపు మూడో వంతులో జంతువే లేదని, బట్టలో మట్టీ పుల్లలూ రెల్లూ చుట్టి ఉన్నాయని చెప్పండి.