గాల్‌బ్లాడర్ ఆపరేషన్: సాయంత్రమే ఇంటికా, రాత్రికి వార్డులోనా?

"సిస్టర్, ఇవాళే పంపించేస్తారా?" సర్జికల్ వార్డులో స్టాఫ్ నర్సుగా నేను ఎక్కువగా వినే ప్రశ్న ఇదే. పిత్తాశయంలో (గాల్‌బ్లాడర్) రాళ్లకు లాపరోస్కోపీ, అంటే చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్, చేయించుకున్నవాళ్లలో చాలామంది ఆ సాయంత్రమే వెళ్లగలరు. అందరూ కాదు.

ఆపరేషన్ డేట్ ఇచ్చేటప్పుడే ఉదయం మొదటి కేసుగా పెట్టమని అడగండి. అప్పుడు పొద్దుపోయేదాకా మా కళ్లముందు ఉంటారు. మధ్యాహ్నం బాగా ఆలస్యమైతే రాత్రికి ఉండిపోవడమే మంచిదని నా అభిప్రాయం.

పంపేముందు నాడి, బీపీ చూస్తాను. తాగిన నీళ్లు, తిన్న ఇడ్లీ కడుపులో నిలిచాయా, మూత్రం వచ్చిందా, మాత్రతో నొప్పి తగ్గుతోందా అని అడుగుతాను. ఆ తర్వాత పక్కనే ఉండి బాత్రూం దాకా నడిపిస్తాను. మంచం మీద కూర్చుని "బాగానే ఉందమ్మా" అన్నవాళ్లే ఒక్కోసారి నాలుగడుగులు వేసేసరికి కళ్లు తిరిగి, నుదుటి నిండా చెమటతో నా భుజం పట్టుకుంటారు. వాళ్లను పడుకోబెట్టి డాక్టరుగారికి ఫోన్ చేస్తాను.

పిత్తాశయానికి చీము పట్టినా, లోపలి ద్రవం బయటికి రావడానికి గొట్టం (డ్రెయిన్) పెట్టినా, పెద్ద కోత కోయాల్సి వచ్చినా ఆ రోజు ఇంటి మాట ఎత్తకండి. గుండె జబ్బు, అదుపులో లేని షుగర్, నిద్రలో ఊపిరాగే సమస్య ఉంటే ముందే చెప్పండి. ఊరు దూరమైనా, రాత్రికి తోడు లేకపోయినా ఉండిపోండి. "రేపు అమావాస్య, ఇవాళే తీసుకెళ్తాం" అని పట్టుబట్టేవాళ్లతో నేను గట్టిగానే మాట్లాడతాను. అర్ధరాత్రి వాంతులు మొదలైతే ఊళ్లో చూసేదెవరు?

24 గంటలు ఉండకపోతే ఇన్సూరెన్స్ రాదని కొందరికి టెన్షన్. డే కేర్ కింద, అంటే 24 గంటల లోపే ముగిసేవిగా వచ్చే చికిత్సలకు ఆ షరతు ఉండదు. మీ పాలసీలో ఇది ఉందో లేదో అడ్మిట్ కాకముందే కనుక్కోండి.

ఇంట్లో ఒకటి రెండు రోజులు భుజం లాగుతుంది. పొట్టలోకి ఎక్కించిన గ్యాస్ వల్ల వచ్చే నొప్పి అది, మెల్లగా నడిస్తే తగ్గుతుంది. ఛాతీలో బరువు, ఆయాసం ఉంటే మాత్రం గ్యాసేలే అనుకోకుండా వచ్చేయండి. మత్తు ఇచ్చాక 24 గంటలు బండి నడపొద్దు. జ్వరం, ఆగని వాంతులు, పొట్ట ఉబ్బి నొప్పి పెరగడం, కళ్లు పచ్చబడటం మూడో నాలుగో రోజున కనిపించినా ఆలస్యం చేయొద్దు. రాత్రిపూట ఎత్తే ఫోన్ నంబరు డిశ్చార్జ్ కాగితం మీద రాయించుకున్నాకే వార్డు దాటండి.