మగపిల్లికి మూత్రం ఆగితే

మా బుజ్జిగాడు పొద్దుటి నుంచి ఇసుక తొట్టిలో కూర్చుని ముక్కుతున్నాడు, చుక్క పడలేదు. మలబద్ధకమేమో అనుకుని ఊరుకున్నాను. అదే నా తప్పు. మగపిల్లికి మూత్రం పూర్తిగా ఆగితే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికొస్తుంది. కింది పొట్టలో నిమ్మకాయలా గట్టిగా తగిలితే నొక్కకండి, వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. మేం అర్ధరాత్రి అమలాపురం నుంచి కాకినాడకు పరుగెత్తాం. మూత్రం తీసే ట్యూబు వేశాక గానీ వాడు కళ్లు తెరవలేదు.

ఇప్పుడు వాడు నీళ్లు బాగా తాగాలని ఇంట్లో మూడుచోట్ల గిన్నెలు పెట్టాను. ఉప్పూకారం వేయకుండా చేప ఉడికించిన నీళ్లు కాస్త కలిపితే గిన్నె నాకేస్తాడు (గోదారి పిల్లి కదా!).

వానాకాలం ఒంటిమీద పేలు, గోమార్లు పడితే కుక్కల మందు రాయకండి. అందులో పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటే పిల్లికి విషం. జ్వరమని పారాసిటమాల్ అసలే వద్దు, ఒక్క మాత్రే చంపేయగలదు. ఎప్పుడైనా వెంట్రుకల ఉండ కక్కితే మాత్రం టెన్షన్ అక్కర్లేదు, రోజూ దువ్వండి.