పాత రిలీజ్ పద్ధతిని మార్చుకుందాం – 4: వేసిన ట్యాగ్‌ను కదపకండి

పోయిన పాఠంలో వెర్షన్ నంబర్‌ని చేత్తో రాయడం మానేసి, గిట్ ట్యాగ్ (ఒక కమిట్‌కి, అంటే సేవ్ చేసిన ఒక మార్పుకి, పెట్టే పేరు) నుంచే తీసుకునేలా సెటప్‌టూల్స్-ఎస్‌సీఎం అనే పైథాన్ టూల్ పెట్టుకున్నాం. ఈసారి పైథాన్ ప్యాకేజీలు ఉండే సైట్ పైపీఐకి అప్‌లోడ్ చేయడం చెప్పాలి. కానీ ముందు తేల్చాల్సిన సంగతి ఒకటుంది. లాప్‌టాప్‌లో 1.4.1.డెవ్3 (ఇంకా రిలీజ్ కాని డెవ్ వెర్షన్) అని సరిగ్గా వచ్చిన వెర్షన్, బిల్డ్‌లను దానంతటదే నడిపే గిట్‌హబ్ యాక్షన్స్‌లో 0.1.డెవ్1 అయిపోయిందని చాలామంది రాశారు. అక్కడ నేను ఒక లైను చెప్పి ఉండాల్సింది.

యాక్షన్స్‌లో కోడ్ తెచ్చే చెకౌట్ స్టెప్ మీ రిపో మొత్తాన్ని తెచ్చుకోదు. వేగం కోసం చివరి కమిట్ ఒక్కటే తెస్తుంది. మెయిన్ బ్రాంచ్ మీద బిల్డ్ నడిచినప్పుడు పాత కమిట్లూ రావు, ట్యాగులూ రావు. ట్యాగ్ దొరక్కపోయేసరికి సెటప్‌టూల్స్-ఎస్‌సీఎం తనకు కనబడిన ఒక్క కమిట్‌నే లెక్కపెట్టి 0.1.డెవ్1 అంటుంది. లాగ్‌లో కొంచెం పైకి వెళ్లి చూడండి, రిపో ‘షాలో’గా ఉందని హెచ్చరిక కూడా ఉంటుంది. చెకౌట్ స్టెప్ కింద ఫెచ్-డెప్త్‌కి 0 అని ఇస్తే సరిపోతుంది. ఇక్కడ సున్నా అంటే ఏమీ తేవద్దని కాదు, చరిత్ర అంతా తెమ్మని. అప్పటికీ రాకపోతే ట్యాగ్ మీ లాప్‌టాప్‌లోనే ఉండిపోయిందేమో చూడండి. మామూలు గిట్ పుష్ ట్యాగులను పంపదు, వాటిని విడిగా పుష్ చేయాలి.

మీలో కొందరు డెవ్ వెర్షన్‌ని టెస్ట్ పైపీఐకి (ప్రయోగాల కోసం ఉన్న విడి పైపీఐ) పంపబోతే అది తిరస్కరించింది కదా. ప్లస్ గుర్తు తర్వాత కమిట్ నంబర్ ఉన్న వెర్షన్‌ని అక్కడ తీసుకోరు. సెట్టింగుల్లో లోకల్ స్కీమ్‌ని ‘నో-లోకల్-వెర్షన్’ చేయండి. నేనైతే డెవ్ వెర్షన్లను ఎక్కడికీ పంపను. వీల్ ఫైల్‌ని (ఇన్‌స్టాల్‌కి సిద్ధంగా ఉన్న ప్యాకేజీ) యాక్షన్స్‌లోనే ఆర్టిఫాక్ట్‌గా దాచి, కావాల్సినవాళ్లను అక్కణ్నుంచి తీసుకోమంటాను.

నన్ను నిజంగా కలవరపెట్టింది ఇంకొకటి. వెర్షన్ తప్పొచ్చిందని కొందరు 1.4.0 ట్యాగ్‌ని తీసేసి, కొత్త కమిట్ మీద అదే పేరుతో మళ్లీ వేసి, ఫోర్స్ పుష్ చేశారు. దయచేసి ఈ పని ఇంకెప్పుడూ చేయకండి. మీ రిపోలో అంతా చక్కబడినట్టే కనిపిస్తుంది, కానీ పాత ట్యాగ్‌ని ఇప్పటికే తెచ్చుకున్నవాళ్ల దగ్గర అది అలాగే ఉంటుంది. గిట్ 2.20 నుంచి, ఫోర్స్ అని చెప్తే తప్ప ఫెచ్ పాత ట్యాగ్‌ని మార్చదు. అంటే ఒకే 1.4.0 పేరుతో ఇద్దరి దగ్గర రెండు వేర్వేరు కోడ్‌లుంటాయి. పైపీఐ ఇంకా కచ్చితం. ఒకసారి ఎక్కిన ఫైల్ పేరుని, ఆ ఫైల్‌ని డిలీట్ చేసినా సరే, మళ్లీ వాడనివ్వదు. అప్పుడు మీ ట్యాగ్ ఒకటి చెప్తుంది, జనం ఇన్‌స్టాల్ చేసుకునేది ఇంకొకటి. బగ్ రిపోర్ట్ వస్తే ఏ 1.4.0 గురించో మీకే తెలియదు.

చాలా ఏళ్ల క్రితం నేనూ ఇలాగే ఒక ట్యాగ్‌ని జరిపాను. మార్చింది రీడ్‌మీలో ఒక్క అక్షరమే. ఒక లినక్స్ డిస్ట్రోలో మా ప్యాకేజీ చూసే ఆయనకు చెక్‌సమ్ (ఫైల్ మారిందో లేదో చెప్పే సంఖ్య) కుదరక, ఎవరైనా రిపోలోకి చొరబడ్డారేమోనని రెండు టార్‌బాల్‌లను (కోడ్ అంతా కట్టిన ఫైళ్లను) పక్కపక్కన పెట్టి ప్రతి ఫైలూ పోల్చాడు. ఆయన సాయంత్రమంతా దానికే పోయింది. ఆయన అనుమానం సబబైనదే. 2025 మార్చిలో, చాలామంది తమ వర్క్‌ఫ్లోల్లో (యాక్షన్స్ నడిపే స్టెప్పుల ఫైళ్లలో) వాడే టీజే-యాక్షన్స్ మీద దాడి చేసినవాళ్లు చేసింది అచ్చంగా ఇదే, ఉన్న ట్యాగులను తమ కమిట్ మీదకి జరిపారు. ట్యాగ్ పేరుని నమ్ముకున్న వర్క్‌ఫ్లోలన్నీ ఆ కోడ్‌నే నడిపాయి. అందుకే మీ వర్క్‌ఫ్లోలో బయటి యాక్షన్ దేన్నైనా ట్యాగ్‌తో కాకుండా 40 అక్షరాల పూర్తి కమిట్ హ్యాష్‌తో రాయండి.

1.4.0 తప్పుగా వెళ్లిపోతే దాన్ని పైపీఐలో ‘యాంక్’ చేసి, 1.4.1 వదలండి. యాంక్ చేసిన వెర్షన్‌ని, కచ్చితంగా అదే కావాలని రాసుకున్నవాళ్లకు తప్ప, ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే పిప్ ఎంచుకోదు. నంబర్లకు కొరతేమీ లేదు.

ఇక అప్‌లోడ్. పైపీఐ ఖాతా తెరవడం లాంటివి మీకు తెలిసినవే, వదిలేస్తున్నాను. గిట్‌హబ్ సీక్రెట్స్‌లో పెట్టిన పాత పైపీఐ టోకెన్‌ని (అప్‌లోడ్‌కి తాళం లాంటిది) తీసేయండి. 2023 ఏప్రిల్ నుంచి పైపీఐలో ట్రస్టెడ్ పబ్లిషింగ్ ఉంది. ప్రాజెక్ట్ సెట్టింగుల్లో రిపో ఓనర్, రిపో పేరు, వర్క్‌ఫ్లో ఫైల్ పేరు ఇస్తే చాలు, ప్రతి రిలీజ్‌కీ 15 నిమిషాలే పనిచేసే టోకెన్ దానంతటదే వస్తుంది. బిల్డ్‌కి ఒక జాబ్, పబ్లిష్‌కి ఇంకో జాబ్ పెట్టండి. ఆ టోకెన్ తెచ్చుకోవడానికి కావాల్సిన ‘ఐడీ-టోకెన్: రైట్’ అనుమతి పబ్లిష్ జాబ్‌కి మాత్రమే ఇవ్వండి. బిల్డ్‌లో ఎవరెవరి కోడో నడుస్తుంది, దాని చేతికి తాళం ఇవ్వకూడదు.

అభ్యాసం: మీ చివరి రిలీజ్ సోర్స్ టార్‌బాల్‌ని పైపీఐ నుంచి దించుకోండి. అదే ట్యాగ్‌ని కొత్త ఫోల్డర్‌లోకి క్లోన్ చేసి, అక్కడ మళ్లీ టార్‌బాల్ తయారుచేయండి. ఫైళ్లలోని సమయాల వల్ల చెక్‌సమ్‌లు కలవకపోవచ్చు, కాబట్టి రెండింటినీ విప్పి డిఫ్‌తో పోల్చండి. తేడా వచ్చిన ప్రతి ఫైలూ ఎందుకు వేరుగా ఉందో ఒక్కో వాక్యంలో రాయండి. 2024 మార్చి 29న బయటపడిన ఎక్స్‌జెడ్ (ఫైళ్లను కుదించే టూల్) బ్యాక్‌డోర్‌లో, ఆ దొంగ కోడ్‌ని బిల్డ్‌లోకి చొప్పించే ఎం4 ఫైల్ (బిల్డ్ స్క్రిప్టు) టార్‌బాల్‌లో ఉంది, గిట్ రిపోలో లేదు. కారణం రాయలేని ఫైల్ ఒక్కటి మిగిలినా ఐదో పాఠానికి రావద్దు, ముందు దాని సంగతి తేల్చండి.