సబ్‌వూఫర్‌కి డబ్బు కట్టే ముందు

☐ డబ్బా మీద వేలల్లో కనిపించే పీఎంపీఓ వాట్లు (క్షణకాలపు గరిష్ఠ లెక్క) వదిలేయండి. ఆర్ఎంఎస్, అంటే నిలకడగా ఇచ్చే వాట్లు, ఎంతో అడగండి. చెప్పలేకపోతే ఇంకో షాపు చూసుకోవడమే.

☐ ఏవీ రిసీవర్ (టీవీ, స్పీకర్లను కలిపే పెట్టె) వెనక టార్చి వేసి సబ్ ప్రీ అవుట్, అంటే సబ్‌వూఫర్ వైరు పెట్టే సాకెట్, ఉందో లేదో చూడండి. ఉంటే లోపలే యాంప్ (శబ్దానికి బలమిచ్చే యాంప్లిఫయర్) ఉన్న యాక్టివ్ సబ్ తీసుకోండి. లోపల యాంప్ లేని పాసివ్ చవకే గానీ, దానికి వేరే యాంప్ కొనాలి. అప్పుడు మిగిలేదేం లేదు.

☐ అమెరికా నుంచి చుట్టాలు తెస్తామంటే వెనక స్టిక్కర్ ఫోటో పంపమనండి. 120 వోల్టులు మాత్రమే అని ఉంటే మన 230 ప్లగ్గులో నేరుగా పెట్టకూడదు.

☐ 10×12 అడుగుల గదికి 8 లేదా 10 అంగుళాల స్పీకర్ ఉన్న సబ్ చాలు.

☐ చోటు ముందే అనుకోండి. మూలలో బేస్ పెరుగుతుంది, కానీ బుయ్యిమంటుంది. మా ఇంట్లో మొదటి రోజు షోకేసులో స్టీలు గ్లాసులు కూడా మోగాయి! సబ్‌ను మీరు కూర్చునే సోఫాలో పెట్టి, బేస్ ఉన్న పాట వేసి, గోడల వెంట పాకుతూ వినండి. ఎక్కడ బేస్ సమంగా వినిపిస్తే అక్కడే దాని చోటు. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

☐ అపార్ట్‌మెంటా? కింద మందపాటి రబ్బరు మ్యాట్‌కి కూడా కాస్త డబ్బు ఉంచుకోండి.

☐ రిటర్న్ గడువు ఎన్ని రోజులో బిల్లు మీద రాయించుకోండి.