విదేశీ విమాన టికెట్టులో పేరు తప్పు పడకుండా చూసుకోవడం ఎలా?

హైదరాబాదు నుంచి డల్లాస్‌కో చికాగోకో టికెట్టు తీసి ఇవ్వడం ఇప్పుడు చిన్న పట్టణంలోని ట్రావెల్స్ కౌంటరుకు కూడా మామూలు పనే. ఛార్జీ వెతకడం అందరికీ వచ్చు. పేరు సరిగ్గా ఎక్కించడం మాత్రం చాలామందికి రాదు. కొత్తగా ఆ కౌంటరులో కూర్చునేవారికీ, ఇంట్లో తల్లిదండ్రుల కోసం స్వయంగా టికెట్టు తీసేవారికీ ఈ వ్యాసం పనికివస్తుంది.

ముందుగా టికెట్టు ఏ దారిన వస్తుందో తెలిసి ఉండాలి. చాలా అంతర్జాతీయ విమాన సంస్థలు తమ సీట్లను, ఛార్జీలను అమెడియస్, సేబర్, ట్రావెల్‌పోర్ట్ అనే మూడు పెద్ద పంపిణీ వ్యవస్థల్లో ఉంచుతాయి. ఈ వ్యాపారంలో వాటిని జీడీఎస్ అంటారు. వాటి ద్వారా అన్ని సంస్థల టికెట్లనూ ఇష్యూ చేసే అధికారం సాధారణంగా ఐఏటీఏ (అంతర్జాతీయ విమాన సంస్థల సంఘం) గుర్తింపు పొందిన ఏజెంటుకు ఉంటుంది. ఆ గుర్తింపు లేని సబ్ ఏజెంటు ఒక కన్సాలిడేటర్ (చిన్న ఏజెంట్లకు టికెట్లు ఇచ్చే టోకు ఏజెంటు) దగ్గర పోర్టల్ లాగిన్ తీసుకుని, వాలెట్‌లో ముందుగా డబ్బు వేసి, అందులోంచి టికెట్టు తీస్తాడు. అంటే మనం కొట్టిన పేరు పోర్టల్, కన్సాలిడేటర్, జీడీఎస్, విమాన సంస్థ అనే నాలుగు మెట్లు దాటి వెళ్తుంది. దాన్ని దిద్దాలంటే ఆ నాలుగు మెట్లూ మళ్లీ ఎక్కవలసిందే, ప్రతి మెట్టు దగ్గరా రుసుము కట్టవలసి రావచ్చు.

కావలసినవి రెండే: పోర్టల్ లాగిన్, పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీల స్కాన్. వాట్సాప్‌లో సగం కోసి పంపిన ఫొటోను, ఫోనులో చెప్పిన పేరును, ఆధార్ కార్డును అంగీకరించకూడదు. పాస్‌పోర్టు గడువు ప్రయాణం నాటికి ఆరు నెలలకు తక్కువ ఉంటే పని అక్కడే ఆపి రెన్యువల్‌కు పంపాలి.

ప్రయాణ మార్గం ఎంచుకోవడం గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. రానూపోనూ మొత్తం ఒకే టికెట్టుగా ఉండాలి. రెండు వేర్వేరు టికెట్లను కలిపి నాలుగు వేలు మిగిల్చామని మురిసిపోయే పద్ధతిని నేను ఒప్పుకోను, ఎందుకంటే మొదటి విమానం ఆలస్యమైతే రెండవ సంస్థకు ఎలాంటి బాధ్యతా ఉండదు. అమెరికాలో దిగే మొదటి విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ ముగించుకుని, చాలా సందర్భాల్లో సామాను తీసుకుని మళ్లీ అప్పగించవలసి ఉంటుంది కనుక, అక్కడ మూడు గంటలకు తక్కువ వ్యవధి ఉన్న కనెక్షన్‌ను పెద్దవాళ్లకు ఇవ్వకూడదు.

ఇక అసలైన మెట్టు పేరు ఎక్కించడం. ఇక్కడ తొందరపడేవారు ఈ పని మానుకోవడం మంచిది.

తెలుగువారు ఇంటిపేరును ముందు రాస్తారు. పోర్టల్‌లో మొదటి గడి మీద ‘ఫస్ట్ నేమ్’ అని కనిపించగానే ముందు రాసే పేరు కదా అని ఇంటిపేరును అందులో వేసి, అసలు పేరును ‘లాస్ట్ నేమ్’ గడిలో పెడతారు. జరిగే తప్పుల్లో ఎక్కువ భాగం ఇదే. పాస్‌పోర్టులో ‘సర్‌నేమ్’ అన్నచోట ఉన్నది లాస్ట్ నేమ్ గడిలోకి, ‘గివెన్ నేమ్’ అన్నచోట ఉన్నది మొత్తంగా ఫస్ట్ నేమ్ గడిలోకి వెళ్లాలి. చింతలపూడి వెంకట నాగలక్ష్మి అనే పేరులో చింతలపూడి సర్‌నేమ్ అయితే, వెంకట నాగలక్ష్మి మొత్తం ఫస్ట్ నేమ్ అవుతుంది. ‘వెంకట’ను మిడిల్ నేమ్‌గా విడదీయడం, పొడవుగా ఉందని ‘వి’ అని కుదించడం, ఇంట్లో పిలిచే ‘లక్ష్మి’తో సరిపెట్టడం తప్పులే. పాస్‌పోర్టులోనే ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటే మాత్రం, దాన్ని మన తెలివితో విప్పి రాయకుండా ఆ పొడి అక్షరాన్నే వేయాలి.

ఏది ఇంటిపేరో అనుమానం వస్తే ఫొటో ఉన్న పేజీ అడుగున యంత్రాలు చదివే రెండు వరుసలను చూడాలి. ఒక్కొక్క వరుసలో 44 అక్షరాలు ఉంటాయి. మొదటి వరుసలో దేశం కోడ్ తర్వాత ఇంటిపేరు, ఆ తర్వాత వరుసగా రెండు కోణపు గుర్తులు (<<), వాటి తర్వాత అసలు పేరు వస్తాయి. ఒకే కోణపు గుర్తు ఉంటే అది ఒకే భాగంలోని రెండు మాటల మధ్య ఖాళీ. అయితే పేరుకు అక్కడ దొరికే చోటు 39 స్థానాలే కాబట్టి మన పొడవైన పేర్లు కొన్ని చివర తెగిపోతాయి. అందువల్ల పేరు ఎక్కడ విడిపోతుందో ఆ మొదటి వరుసలోనూ, పూర్తి స్పెల్లింగ్ పేజీ పై భాగంలోనూ చూసుకోవాలి.

పెళ్లైన ఆడవారి విషయంలో కొడుకులే తప్పు చేయిస్తారు. తల్లి పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరే ఉన్నా, తమ ఇంటిపేరు రాసి పంపుతారు. కుటుంబంలో అందరి ఇంటిపేరూ ఒకటేనని అనుకుని మొదటి వ్యక్తి ఇంటిపేరును మిగతావారికి కాపీ చేసే అలవాటు కౌంటర్లలో కూడా ఉంది. ప్రతి పాస్‌పోర్టునూ విడిగా తెరిచి, ఒకరు అక్షరం అక్షరం చదువుతుండగా మరొకరు తెరమీద సరిచూడాలి. ఇద్దరు లేనిచోట టికెట్టు తీయకూడదన్నది నా నియమం.

సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టులు అన్నింటికంటే చిక్కు. అలాంటివారి అమెరికా వీసాపై అసలు పేరు ఇంటిపేరు స్థానంలోకి వెళ్లి, మొదటి పేరు చోట ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. టికెట్టులో మాత్రం ఒక సంస్థ అదే పేరును రెండు గడుల్లోనూ వేయమంటుంది, మరొకటి ఎఫ్ఎన్‌యూ వేయమంటుంది, ఇంకొకటి మిస్టర్, మిసెస్ వంటి గౌరవవాచకాన్ని పేరు చోట పెట్టమంటుంది. ఇక్కడ ఊహ పనికిరాదు. ఆ సంస్థ నియమాన్ని కన్సాలిడేటర్ దగ్గర రాతపూర్వకంగా అడిగి తీసుకున్నాకే ముందుకు వెళ్లాలి. దుబాయ్‌లో దిగి నాలుగు రోజులు ఉండాలనుకునేవారికి ఇంకొక అడ్డంకి ఉంది. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్నవారిని సందర్శక వీసాపై రానివ్వబోమని యూఏఈ 2022 నవంబరు 21 నుంచి నిబంధన పెట్టింది. రెండవ పేజీలో, అంటే మన పాస్‌పోర్టులో వివరాలుండే చివరి పేజీలో, తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే అంగీకరిస్తామని తర్వాత సడలించింది. చివరి పేజీ స్కాన్ కూడా అడగమన్నది ఇందుకే.

పేరుతో పాటు పుట్టిన తేదీ, లింగం కూడా అంతే జాగ్రత్తగా వేయాలి. అమెరికా వెళ్లే ప్రతి ప్రయాణికుడి విషయంలోనూ ఈ మూడింటినీ అక్కడి రవాణా భద్రతా సంస్థ తన జాబితాలతో పోల్చి చూస్తుంది.

టికెట్టు వచ్చాక పేరు, గౌరవవాచకం ఖాళీ లేకుండా కలిసిపోయి ఒకే మాటలా కనిపిస్తాయి. జీడీఎస్ ముద్రణ అలాగే ఉంటుంది కనుక దానికి కంగారు పడనవసరం లేదు. నిజంగా తప్పు పడితే, సాధారణంగా ఇష్యూ చేసిన రోజు అర్ధరాత్రిలోపు టికెట్టును వాయిడ్ (అసలు తీయనట్టే రద్దు) చేయించవచ్చు. కానీ కన్సాలిడేటర్ డెస్కు అంతకుముందే మూసేస్తుంది. కాబట్టి టికెట్టు పగలే తీసి, వెంటనే సరిచూసుకోవాలి. 24 గంటల్లో ఉచితంగా రద్దు చేసుకోవచ్చని ఇంటర్నెట్‌లో చదివి వచ్చి వాదించేవారికి ఒక మాట చెప్పాలి. అమెరికా రవాణా శాఖ పెట్టిన ఆ నిబంధన విమాన సంస్థ దగ్గర నేరుగా కొన్న టికెట్లకే వర్తిస్తుంది, అదీ ప్రయాణానికి కనీసం ఏడు రోజుల ముందు కొన్నప్పుడు. గడువు దాటాక ఒకటి రెండు అక్షరాల సవరణకు చాలా సంస్థలు ఒప్పుకుంటాయి. అయితే మధ్యలో వేరే సంస్థ విమానం ఉంటే ఆ సంస్థ దగ్గర కూడా రికార్డు మారాలి కనుక పని రోజుల తరబడి సాగుతుంది.

సంస్థ వెబ్‌సైట్‌లో తక్కువకు ఉంది కదా, ఏజెంటు ఎందుకని కొందరు అడుగుతారు. ధరలో తేడా ఉండే మాట నిజమే. జీడీఎస్ ద్వారా తీసే ప్రతి టికెట్టుపై లుఫ్తాన్సా గ్రూపు 2015 సెప్టెంబరు నుంచి 16 యూరోల అదనపు రుసుము పెట్టింది. జీడీఎస్ పాత పద్ధతికి బదులుగా ఐఏటీఏ 2012లో మొదలుపెట్టిన ఎన్‌డీసీ అనే కొత్త పంపిణీ ప్రమాణం ద్వారా కొన్ని సంస్థలు వేరే ధరలు ఇస్తున్నాయి. అయినా పెద్దవాళ్ల ప్రయాణానికి నేను జీడీఎస్ టికెట్టునే ఎంచుకుంటాను. రెండు మూడు సంస్థల విమానాలు కలిసినప్పుడు, వేళలు మారి మార్గం తిరగరాయవలసి వచ్చినప్పుడు, అందులో పని త్వరగా అవుతుంది.

డబ్బు కట్టే ముందు ఫోను నంబరు, ఈమెయిల్ గడుల్లో ప్రయాణికుడివే వేయాలి. ఏజెంటు తన నంబరు వేసుకుంటే విమానం వేళ మారిన కబురు కౌంటరులోనే ఆగిపోతుంది. టికెట్టు వచ్చాక అందులో 13 అంకెల ఈ-టికెట్టు నంబరు ఉందో లేదో చూడాలి. ఆరు అక్షరాల పీఎన్ఆర్ ఒక్కటే ఉంటే అది బుకింగ్ మాత్రమే, టికెట్టు కాదు. పోర్టల్ పీఎన్ఆర్, విమాన సంస్థ పీఎన్ఆర్ వేర్వేరుగా ఉండవచ్చు. రెండవదాన్ని అడిగి తీసుకుని, ఆ సంస్థ వెబ్‌సైట్‌లో ఇంటిపేరుతో తెరిచి చూడాలి. అక్కడ బుకింగ్ తెరుచుకుని, పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే కనిపించాకే కాగితం ప్రయాణికుడి చేతికి ఇవ్వాలి.