చిన్న కారుకు సూపర్‌చార్జర్ పెట్టిస్తున్నారా? ట్యూనింగ్ మిట్టమధ్యాహ్నం చేయించండి

సూపర్‌చార్జర్ అంటే బలం పెంచడానికి ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం. ఆటోనగర్‌లో దాని కిట్ బేరం మొదలుపెట్టే ముందే ఇంజన్‌కు కంప్రెషన్ టెస్ట్ (ఒక్కో సిలిండర్ ఎంత ఒత్తిడి నిలుపుతుందో చూసే పరీక్ష) చేయించండి. సిలిండర్లన్నీ ఇంచుమించు ఒకే రీడింగ్ చూపించకపోతే ఆ డబ్బు రిపేరుకు పెట్టడమే మేలు.

బూస్ట్ (సూపర్‌చార్జర్ అదనంగా ఇచ్చే గాలి పీడనం) విషయంలో ఆశపడొద్దు. 7 పీఎస్‌ఐ అంటే వినడానికి చిన్నదే కానీ, వాతావరణ పీడనంలో దాదాపు సగం. పైగా ఈ కాలపు చిన్న పెట్రోల్ ఇంజన్ల కంప్రెషన్ రేషియో చాలావరకు 10:1 పైమాటే, అంటే లోపలికి వచ్చిన గాలిని అవే పదో వంతుకన్నా చిన్నగా నొక్కేస్తాయి. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. మే నెలలో బెజవాడ గాలి నొక్కకముందే 40 డిగ్రీలు దాటి ఉంటుంది! ఆ వేడికి సిలిండర్‌లో ఇంధనం అదుపు తప్పి మండి నాకింగ్ మొదలవుతుంది, వదిలేస్తే పిస్టన్లు పోతాయి. అందుకే ఇంటర్‌కూలర్ (నొక్కిన గాలిని ఇంజన్‌లోకి వెళ్లేముందు చల్లబరిచేది) లేని కిట్ ఎంత చవగ్గా వచ్చినా వద్దు.

ట్యూనింగ్ కూడా ఎండలోనే జరగాలి. తెల్లవారుజాము చల్లగాలికి సరిపోయిన ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ ఎంత ముందుగా పడాలనే సెట్టింగ్), బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో కాసేపు నిలబడిన ఇంజన్‌కు ఎక్కువైపోవచ్చు. ఇంజన్‌లో గాలి, ఇంధనం ఏ పాళ్లలో కలుస్తున్నాయో పొగను బట్టి చెప్పే వైడ్‌బ్యాండ్ సెన్సర్ తప్పనిసరి. ఇప్పుడు బంకుల్లో పోసే ఈ20లో 20 శాతం ఇథనాల్ కాబట్టి, అదే గాలికి ఇంధనం ఇంకాస్త ఎక్కువ కావాలి. ఇంధనం చిమ్మే పాత ఇంజెక్టర్లు అందుకోలేకపోవచ్చు. పెరిగిన బలాన్ని పాత క్లచ్ తట్టుకోకపోవచ్చు, ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

ఆర్‌సీలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చడానికి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు. ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర అసలు టెన్షన్ అదే.